వాసన చూపిస్తే చాలన్నారు

అమెరికాలో డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఎం.ఏ. హిస్టరీ చదివినవాళ్ళు ఎంతమందో నేను కచ్చితంగా చెప్పగలను. నేను అద్దంలో చూసుకుంటే ఎంతమంది కనిపిస్తారో అంతమంది. మిగతావాళ్ళు కార్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, లేదా వాళ్ళను పెళ్ళి చేసుకున్న వేరే సాఫ్ట్‌వేర్ వాళ్ళు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో కొత్తగా పరిచయమైనవాళ్ళు ఏం చదివారని అడుగుతారు. చెప్తాను. ఎవరో పోయిన కబురు విన్నట్టు ఒక్క క్షణం మొహం పెట్టి, వెంటనే తేరుకుని, "పర్లేదండీ, టెస్టింగ్ నేర్చుకోవచ్చు" అంటారు. మా తాతయ్య పోయినప్పుడు మా నాయనమ్మను కూడా ఇంతమంది ఓదార్చలేదు.

పెళ్ళికి ముందు బందరులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. యూరప్ వాళ్ళు సముద్రం మీద కొత్త దారులు ఎందుకు వెతికారన్న పాఠం చెప్పడానికి అంతకన్నా అనువైన ఊరు ఉండదు. పుస్తకంలో ఉన్నది నమ్మకపోతే సైకిలెక్కి వెళ్ళి డచ్చివాళ్ళ సమాధులు చూసి రమ్మనేదాన్ని. ఎందుకొచ్చారో, వచ్చి ఏం చేశారో, చివరికి ఏమయ్యారో, అన్నీ ఒక్క ఊళ్ళోనే దొరుకుతాయి. పిల్లలు వెళ్ళేవాళ్ళు. తిరిగి క్లాసుకి వచ్చేవాళ్ళు కాదు, అది వేరే సంగతి.

ఇక్కడికి హెచ్-ఫోర్ మీద వచ్చాను. అంటే మావారి వీసాకి నేను తోక. ఈ దేశంలో ఉండొచ్చు, డ్రైవ్ చేయొచ్చు, ఎంత మంచు పడితే అంత మంచు పారతో ఎత్తిపోయొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. మావారి గ్రీన్‌కార్డ్ ఫైల్ ఇంకో మెట్టెక్కితే నాకూ వర్క్ పర్మిట్ వస్తుందని లాయర్ అంటాడు. ఏటా అంటాడు. అంచేత పాఠం చెప్పి చాలా ఏళ్ళయింది. మరీ ఆగలేనప్పుడు వంటింట్లో కుక్కర్‌కి చెప్పేదాన్ని. అది విజిల్ వేసేది. కాలేజీలో వెనక బెంచీ వాళ్ళూ అంతే చేసేవాళ్ళు కాబట్టి పెద్ద తేడా తెలియలేదు.

మొన్న ఫిబ్రవరిలో మా అమ్మాయి క్లాస్ టీచర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పిల్ల అయిదో తరగతి. సముద్రయానాల పాఠం మొదలవుతోందట, అందులో భాగంగా క్లాసులో స్పైస్ స్టేషన్, అంటే మసాలా దినుసుల బల్ల, పెడుతున్నారట, పేరెంట్ వాలంటీర్లు కావాలట. అందులో చివర్న సంప్రదాయ దుస్తుల్లో వస్తే మరీ సంతోషం అని కూడా ఉందని నేను తర్వాత చూశాను. ఎందుకంటే అక్కడిదాకా చదవకముందే వస్తానని రిప్లై కొట్టేశాను.

ఆ తర్వాత తీరిగ్గా, దానితోపాటు పంపిన పాఠం చదివాను. కొత్త సముద్రమార్గాలు ఎందుకు వెతికారు అన్న ప్రశ్నకు మొట్టమొదటి జవాబు ఇది: అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు, మాంసం కుళ్ళిపోయేది, ఆ కంపు తెలియకుండా ఉండడానికి మసాలాలు కావాల్సి వచ్చింది. కింద ఒక మ్యాప్. మ్యాప్ మీద ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చిన ఒక బాణం. బాణం చివర మేము. కదలకుండా, మెదలకుండా, ఎవరైనా వచ్చి మమ్మల్ని కనిపెడితే బాగుండునని ఎదురు చూస్తున్నట్టుగా.

మిరియాలు అప్పట్లో అక్కడ డబ్బున్నవాళ్ళ సరుకు. అంత ఖరీదు పెట్టి మిరియాలు కొనగలిగినవాడికి తాజా మాంసం కొనడం ఒక లెక్కా? కుళ్ళిన మాంసం మీద మిరియాలు చల్లుకోవడమంటే షోరూమ్ నుంచి కొత్త కారు తెచ్చి అందులో చెత్త మోసినట్టు. డెట్రాయిట్ పక్కన ఉండే పిల్లలకు ఈ మాట చెప్తే ఇట్టే అర్థమవుతుంది. ఆ మాట చెప్పడానికి కాసేపు టైమ్ ఇస్తారా, నేను హిస్టరీ లెక్చరర్‌గా పనిచేశాను, అని టీచర్‌కి రాశాను. జవాబు వెంటనే వచ్చింది, బోలెడు ఆశ్చర్యార్థకాలతో. మీ ఉత్సాహానికి చాలా థాంక్స్, పాఠం సంగతి వీడియో చూసుకుంటుంది, మీరు వచ్చి పిల్లలకు వాసన చూపిస్తే చాలు.

చాలు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను.

మావారు కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఇంట్లో కూడా ఆయనది అదే డిపార్ట్‌మెంట్. వాసన చూపించి వచ్చేయరాదూ, పిల్ల ఇంకా జూన్ దాకా ఆ క్లాసులో కూర్చోవాలి, టీచర్‌తో ఎందుకు పెట్టుకోవడం అన్నారు. పెట్టుకోవడం లేదు, చరిత్ర సరిచేస్తున్నాను అన్నాను. జీతం లేని పనిలో కూడా ప్రమోషన్ అడిగే మనిషిని నిన్నే చూశాను అన్నారు. అన్యాయంగా మాట్లాడరు మావారు, అదే బాధ.

మా అమ్మాయి భయం వేరు. ముందు రోజు సాయంత్రం నేను అల్మరా తెరిచి గంజి పెట్టిన నేత చీర తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది. ఆ చీర బందరు కాలేజీ రోజులది. సంప్రదాయ దుస్తులని వాళ్ళు అన్నది ఇలాంటి చీరనే. వాళ్ళకది సంప్రదాయం, నాకది యూనిఫాం.

"అమ్మా, నువ్వు జస్ట్ స్మెల్ చేపిస్తావ్ కదా?" అంది. "లెక్చర్ ఇవ్వవు కదా?"

"చూద్దాం" అన్నాను.

చూద్దాం అంటే తెలుగు ఇళ్ళలో ఏమిటో దానికి బాగా తెలుసు. బొమ్మ కొంటావా అన్నా, డిస్నీకి వెళ్దామా అన్నా అది విన్న జవాబు అదే. కుదరదని అర్థం చేసుకుని, నిశ్చింతగా వెళ్ళి పడుకుంది.

పొద్దున్నే స్కూల్ ఆఫీసులో ఉన్నావిడ నా లైసెన్స్ స్కాన్ చేసి, స్టిక్కర్ బ్యాడ్జ్ ప్రింట్ చేసి ఇచ్చింది. నా పేరు కింద వచ్చిన పని అన్నచోట స్పైసెస్ అని ఉంది. ఆ మాటకొస్తే యూరప్ వాళ్ళూ మా తీరానికి వచ్చినప్పుడు అదే చెప్పారు. బ్యాడ్జ్ చీర మీద అతికించుకుని లోపలికి వెళ్ళాను.

క్లాసులో కిటికీ పక్కన బల్ల వేశారు. వెనక గోడ మీద తెరచాపలెత్తిన ఓడ బొమ్మ. నేను గిన్నెల్లో మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, యాలకులు, జాజికాయ సర్దాను. రెండో వాలంటీర్ మా వరంగల్ అక్క. అక్క అంటే సొంతం కాదు, నాకన్నా పెద్ద, ఆ చనువు. వాళ్ళబ్బాయీ ఇదే క్లాసు. ఆవిడకి ఉద్యోగం ఉంది, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చింది. వస్తూ వస్తూ పెద్ద స్టీలు పళ్ళెం నిండా ఎండుమిరపకాయలు తెచ్చింది. వరంగల్ నుంచి సూట్‌కేసులో ప్రయాణం చేసి వచ్చిన సరుకు. తెచ్చి నా గిన్నెలన్నీ పక్కకు జరిపి, సరిగ్గా మధ్యలో పెట్టి, పూలగుత్తిని చూసుకున్నట్టు చూసుకుంది.

నేను గొంతు తగ్గించి, "అక్కా, ఇవి ఈ బల్ల మీద ఉండకూడదు" అన్నాను.

"ఎందుకుండొద్దు?"

"యూరప్ వాళ్ళు మసాలాల కోసం బయల్దేరినప్పటికి మన దగ్గర మిరపకాయ లేదు. అది ఈ అమెరికా పంట. తర్వాత వాళ్ళ ఓడల్లోనే మనదాకా వచ్చింది. అంతకు ముందు మనకి కారమంటే మిరియాలే."

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "మిర్చి మనది కాదంటవా?" అంది. తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "ఏం చదివినవ్ చెల్లె నువ్వు?" అంది.

ఇన్నేళ్ళలో నా చదువుకి ఓదార్పు కాకుండా అనుమానం ఎదురవడం అదే మొదటిసారి. ఒక రకంగా ప్రమోషన్.

నేను పళ్ళెం తీసి గోడ మీది ఓడ బొమ్మ కింద, కిటికీ గట్టు మీద పెట్టాను. అక్క తెచ్చి మళ్ళీ మధ్యలో పెట్టింది. ఈలోగా పిల్లలు గుంపులుగా రావడం, గిన్నెల్లో ముక్కులు పెట్టడం, తుమ్మడం మొదలైంది. మేము నవ్వుతూనే ఉన్నాం, నవ్వుతూనే పళ్ళేన్ని అటూ ఇటూ మారుస్తున్నాం. చివరికి మొహం నిండా మచ్చలున్న ఒక ఎర్రజుట్టు పిల్లాడు లవంగాల గిన్నెలోంచి తలెత్తి, మీరిద్దరూ దేనికి కొట్టుకుంటున్నారు అని అడిగాడు.

వాసన చూపిస్తే చాలని రాశారు. పిల్లలు అడిగితే జవాబు చెప్పొద్దని రాయలేదు. ఈమెయిల్ నాకు కంఠతా వచ్చు. టీచర్ అవతలి మూల తాళ్ళతో ముడులు వేయిస్తూ ఉంది. నేను చేతిలో ఉన్న మూత కింద పెట్టాను.

మిరియాల గిన్నె తీసి కిటికీ పక్కన కూర్చున్న పొడుగు జడ పిల్లకి ఇచ్చాను. నువ్వు మలబారు తీరం, మిరియాలు పండేది మీ పెరట్లోనే అన్నాను. ఎర్రజుట్టు పిల్లాణ్ణి తలుపు దగ్గర బల్ల దగ్గరికి పంపాను. నువ్వు పోర్చుగల్‌లో లిస్బన్, నీకు మిరియాలంటే ప్రాణం, నీ దగ్గర ఉంటే ఊళ్ళో అందరూ నిన్ను గొప్పవాడంటారు అన్నాను. మధ్య బల్లల వాళ్ళు అరబ్బు వర్తకులు, కైరో, వెనిస్. గిన్నె చేతులు మారుతూ తలుపు దాకా వెళ్ళాలి, మీ చేతికి వచ్చినప్పుడు మీకు తోచినంత తీసుకుని పక్కవాళ్ళకివ్వండి. అంతే రూలు.

తోచినంత తీసుకోమంటే పిల్లలకు రెండోసారి చెప్పాల్సిన పని లేదు. గిన్నె కైరో దాటేసరికి సగమైంది. వెనిస్‌లో ఒక పిల్ల రెండు గుప్పిళ్ళూ నింపుకుంది, నిజం వెనిస్ కూడా అంతే చేసింది కాబట్టి నేనేమీ అనలేదు. లిస్బన్‌కి చేరేటప్పటికి గిన్నె అడుగున నాలుగు గింజలు, ఎవరి స్వెట్టర్‌దో ఒక దారప్పోగు మిగిలాయి.

వాడికి ఒళ్ళు మండింది. ఇది అన్యాయం అన్నాడు. అయితే ఏం చేస్తావ్ అన్నాను. ఆలోచించాడు. మధ్య దారిలో కైరో వాళ్ళూ వెనిస్ వాళ్ళూ కాళ్ళు అడ్డంగా చాపి కూర్చున్నారు. వాడు లేచి, గోడ వెంబడి, కోట్లు తగిలించిన కొక్కేల పక్కనుంచి, టీచర్ కుర్చీ వెనకనుంచి, క్లాసంతా చుట్టి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వెనిస్ పెద్దగా అభ్యంతరం చెప్పింది.

సముద్రమార్గం అంటే అదే అన్నాను. మిరియాలు తెలియక కాదు, ఆకలేసి కాదు. దారి వేరేవాళ్ళ చేతుల్లో ఉంది, దాటిన ప్రతి చేయీ తన వాటా తీసుకుంటోంది. అందుకని ఎంత దూరమైనా చుట్టూ తిరిగి వచ్చారు. అది కూడా పూర్తిగా సొంత తెలివితో కాదు, ఆఫ్రికా తీరంలో ఆగి దారి తెలిసిన ఒక నావికుణ్ణి వెంట తెచ్చుకున్నారు. వాళ్ళకంటే ముందు ఇంకో కెప్టెన్ స్పెయిన్ నుంచి ఇటువైపు బయల్దేరి, ఈ వైపు నేల తగలగానే ఇండియా వచ్చేసిందనుకుని ఇక్కడివాళ్ళకి ఇండియన్లని పేరు పెట్టాడు. ఆయన పుణ్యమా అని ఈ దేశంలో మేము ఇండియన్ అని చెప్పి, ఇండియా నుంచి వచ్చిన ఇండియన్ అని మళ్ళీ చెప్పుకుంటున్నాం.

సరే, వచ్చావు కదా, మిరియాలకు బదులు ఆ పిల్లకి ఏమిస్తావ్ అని వాణ్ణి అడిగాను. జేబులు తడిమాడు. పంటి గాట్లున్న రబ్బరు ముక్క ఒకటి దొరికింది. పొడుగు జడ పిల్ల దాన్ని చూసి నవ్వాపుకోలేకపోయింది.

"కాలికట్ రాజుగారి కొలువులో కూడా ఇలాగే నవ్వారు" అన్నాను. పోర్చుగీసు కెప్టెన్ టోపీలు, చేతులు కడుక్కునే పళ్ళేలు, తేనె కానుకగా తెచ్చాడు. బంగారం పట్టుకుని వచ్చే వర్తకులను చూసిన రేవు అది. అక్కడ ఎవరి కోసమూ ఎవరూ ఎదురు చూడటం లేదు. కిక్కిరిసిన బజారు అది, వీళ్ళు ఆలస్యంగా వచ్చిన కొత్త బేరగాళ్ళు. వాళ్ళు మమ్మల్ని కనిపెట్టలేదు, మా అడ్రస్ కనుక్కున్నారు.

మరి సిగ్గుపడి ఇంటికి వెళ్ళిపోయారా అని వెనిస్ అడిగింది. వెళ్ళారు, కానీ ఆ తర్వాత ఫిరంగులతో వచ్చారు అన్నాను.

అప్పటికి టీచర్ నా పక్కకు వచ్చి నిలబడి ఉంది. ఆవిడ మంచి మనిషి. జలుబు చేసిన పిల్లల ముక్కులు తనే తుడుస్తుంది. చేతిలో స్టిక్కర్ల షీట్ ఉంది, వాసన గుర్తుపట్టినవాళ్ళకి ఇవ్వడానికి. చాలా బాగుంది కానీ మనం మళ్ళీ వాసనల దగ్గరికి వెళ్దామా, ఫిరంగుల సంగతి పై తరగతుల్లో వస్తుంది అని మెల్లగా అంది. మొహంలో నవ్వు అలాగే ఉంది. మా అమ్మాయి తన డెస్క్ మీద లేని గీతను గోటితో గీస్తోంది. మావారు పక్కన లేకపోయినా బ్రేక్ పడిన చప్పుడు నాకు వినిపించింది.

వాసన చూపించే పనికి నేనక్కర్లేదు. ఆ గిన్నెలు బల్ల మీద పెట్టి మూతలు తీస్తే వాసన దానంతటదే వస్తుంది. మనిషి కావలసింది మిగతాదానికి. ఇప్పుడు మూతలు చేతిలోకి తీసుకుంటే మళ్ళీ ఎవరూ నన్ను అడగరు. కుక్కర్ ఉండనే ఉంది.

"వాళ్ళు అడిగారు, జవాబు సగంలో ఉంది" అన్నాను, బందరులో క్లాసు చివరి వరసకి వినపడే గొంతుతో. "పూర్తి చేసి, వాసన చూపిస్తాను."

టీచర్ స్టిక్కర్ల షీట్ కిందికి దించింది. నేను ఆగలేదు. సముద్రం అందరిదీ అనుకునే చోట ఫిరంగులు పెట్టి, మా అనుమతి చీటీ లేకుండా ఓడ కదలడానికి వీల్లేదన్నారని చెప్పాను. ఇక కుళ్ళిన మాంసం సంగతి. బజారులో అన్నిటికంటే ఖరీదైనది మీ చేతిలో ఉంటే దాన్ని పాడైన మాంసం మీద చల్లుతారా అని అడిగాను. వెనిస్ పిల్ల రెండు గుప్పిళ్ళూ గుండెకి హత్తుకుని, తను వేరే మాంసం కొనుక్కుంటానంది. టీచర్ గోడ మీద అంటించిన పాఠం వైపు ఒకసారి చూసింది.

చివరికి మిరపకాయల దగ్గరికి వచ్చాను. అవే ఓడలు ఇటునుంచి వీటిని మాకు తెచ్చిపెట్టాయి అనడం ఆలస్యం, మా అక్క ఇంగ్లీషులో పిల్లలందరికీ వినపడేలా నో అంది. చిల్లీ వరంగల్‌దే అంది. నేను ఆధారాలు ఉన్నాయన్నాను. పిల్లలు టెన్నిస్ చూసినట్టు ఇటూ అటూ చూస్తున్నారు. అక్క తెలుగులోకి దిగింది.

"వచ్చి ఎన్ని వందల ఏండ్లయింది? మా చేన్లల్ల పండింది, మా ఎండల ఎండింది. ఇంకెన్నేండ్లుంటే మనదైతది, చెప్పు."

అదే ప్రశ్న నేను మా లాయర్‌ని అడుగుతుంటాను, ఆయన ఇంకో మెట్టు అంటాడు.

పళ్ళెం తీసుకెళ్ళి మళ్ళీ బల్ల మధ్యలో నేనే పెట్టాను. ఆ తర్వాత, మాట ఇచ్చాను కాబట్టి, అందరికీ వాసన చూపించాను.

పిల్లలు లంచ్‌కి వరసగా వెళ్తుంటే మా అమ్మాయి నా దగ్గర ఆగింది.

"నువ్వు లెక్చర్ ఇచ్చావ్."

"అవును."

"చూద్దాం అన్నావ్."

"చూశాం కదా" అన్నాను.

అది లంచ్‌లో తన పక్కన వెనిస్ కూర్చుంటానందని చెప్పి వెళ్ళిపోయింది. సంతోషమో ఫిర్యాదో తెలియలేదు. దానిది వాళ్ళ నాన్న మొహం.

మేము గిన్నెలు సర్దుకుంటుంటే టీచర్ వచ్చింది. ఇక రావద్దని ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. రబ్బరు ముక్క సంగతి అప్పుడే పక్క సెక్షన్ పిల్లలకు చేరిపోయిందట, వాళ్ళూ కావాలంటున్నారట. మధ్యాహ్నం అక్కడా చేస్తారా అని అడిగింది. కొంచెం తగ్గించి. ఫిరంగులు లేకుండా.

ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. ఫిరంగులు పోతే పోయాయి, పాఠం మిగులుతుంది కదా అనిపించింది. అలా పోతే పోయిందనుకునే కైరో దాటేసరికి సగం గిన్నె వదులుకున్నాం.

"వాసన వరకే అయితే అక్కని ఉంచండి. పాఠమైతే నేను వస్తాను" అన్నాను. "ఫిరంగులతోనే వస్తాను. అవి తీసేస్తే రబ్బరు ముక్క తెచ్చినవాడు సముద్రాన్ని ఎలా గెలిచాడో వాళ్ళకి మీరే చెప్పాలి."

ఆవిడ స్టిక్కర్ల షీట్‌ని అటూ ఇటూ తిప్పింది. మాంసం సంగతి నిజంగానే తప్పా అని అడిగింది. తను చిన్నప్పుడు చదువుకున్నది అదేనట. తప్పే అన్నాను. మళ్ళీ గోడ వైపు చూసింది. కాగితం పీకలేదు, పీకుతుందని నేనూ అనుకోలేదు. ఒంటిగంటకి మొదలు, ఆలస్యం చేయకండి అని మాత్రం అంది.

ఫోన్‌లో మావారి మెసేజ్. వాసన అయిందా అని. ఇంకో క్లాస్ ఉంది అని కొట్టాను. చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చాయి. చివరికి ఒక బొటనవేలు వచ్చింది. బ్రేకులు రాసే మనిషి నుంచి అది తక్కువ మాట కాదు.

పొద్దుటి బ్యాడ్జ్ చీర మీద నిలవక ఎక్కడో ఊడిపోయింది. బ్యాడ్జ్ లేకుండా రెండో క్లాసులోకి పంపరు. ఆఫీసుకి వెళ్తే అక్కడున్నావిడ, మళ్ళీ స్పైసెసేనా అని అడుగుతూనే టైప్ చేయబోయింది. కాదు, టీచింగ్ అన్నాను. ఆవిడ కంప్యూటర్‌లో వెతికింది. వాలంటీర్లకి ఆ ఆప్షన్ లేదట. జీతం తీసుకోవడం లేదు కాబట్టి చట్టానికి అభ్యంతరం లేదు, మీరు చేత్తో రాయండి అన్నాను. చట్టం మాట ఎందుకొచ్చిందో ఆవిడకి అర్థం కాలేదు. మార్కర్ తీసుకుని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది.

అతికించుకుంటే, గంజి చీర కదా, అదీ అంటుకోలేదు. అక్క మిరపకాయల పళ్ళెం చంకన పెట్టుకుని, చేతి గాజుకి తగిలించి ఉన్న పిన్నీసు తీసి నాకిచ్చింది.

"పోదాం పా" అంది. "పళ్ళెం ఎక్కడ పెట్టాల్నో ఈసారి నేను చూస్కుంట."

బ్యాడ్జ్‌కి పిన్నీసు పెట్టుకుని వెళ్ళాను.